ఇంధనమా, మనుషులా?

లండన్ నుంచి సిడ్నీకి నేరుగా గీత గీస్తే దాదాపు 17,000 కిలోమీటర్లు. 1919లో రాస్ స్మిత్, కీత్ స్మిత్ అనే అన్నదమ్ములు ఇద్దరు మెకానిక్కులను వెంటబెట్టుకుని ఇంగ్లండ్‌లో విమానమెక్కితే, ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఉన్న డార్విన్ చేరేసరికి 28 రోజులైంది. 1935 నాటికి టిక్కెట్టు కొనుక్కునే సౌకర్యం వచ్చింది. అప్పుడూ లండన్ నుంచి బ్రిస్బేన్‌కు పన్నెండున్నర రోజులు పట్టేది. మాటిమాటికీ దిగి ఇంధనం పోయించుకోవాల్సిందే.

ఈ కథలో నాకు బాగా నచ్చే ఘట్టం యుద్ధకాలంలోది. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ చేతికి చిక్కడంతో దారి మధ్యలో తెగిపోయింది. మిగిలింది హిందూ మహాసముద్రం ఒక్కటే. 1943లో ఆస్ట్రేలియా విమానయాన సంస్థ క్వాంటాస్ పెర్త్ నుంచి సింహళంలోని కొగ్గల సరస్సుకు కాటలీనాలు నడిపింది. ఇవి నీళ్ల మీద దిగే విమానాలు. దూరం సుమారు 5,600 కిలోమీటర్లు, వేగం గంటకు 200. దారిలో ఎక్కడా దిగేది లేదు. అందుకని లోపలంతా ఇంధనమే నింపారు. ప్రయాణికులు ముగ్గురు, టపా 69 కిలోలు, అంతే! శత్రువు వింటాడని రేడియో నోరు మూసేసి, చుక్కల్ని చూసుకుంటూ నడిపారు. విమానాలకు పెట్టిన పేర్లూ చుక్కలవే. మన చిత్త, జ్యేష్ఠ, అభిజిత్తు, శ్రవణం వాటిలో ఉన్నాయి, వాళ్ల భాషలో. గాలి ఎదురైతే 30 గంటలు దాటేది. ఒక ప్రయాణమైతే 32 గంటల 9 నిమిషాలు సాగింది. దిగకుండా అంతసేపు ప్రయాణికులను గాలిలో ఉంచిన సర్వీసు ఆ తర్వాత లేదు. ఒకే ప్రయాణంలో రెండు సూర్యోదయాలు చూసినందుకు దిగినవాళ్లకు ఒక సర్టిఫికెట్ కూడా ఇచ్చేవారు.

యుద్ధం ముగిశాక, 1947 డిసెంబరు 1న సిడ్నీలో లేచిన కాన్‌స్టెలేషన్ విమానం 29 మంది ప్రయాణికులతో, కలకత్తా, కరాచీల మీదుగా నాలుగు రోజుల్లో లండన్ చేరింది. ఆగి ఆగి పోయే ఆ దారికి కంగారూ రూట్ అని పేరు. జెట్‌లు వచ్చాక రోజుల లెక్క గంటల్లోకి దిగింది.

అయినా దిగకుండా వెళ్లాలనే పంతం పోలేదు. 1989 ఆగస్టులో కొత్త బోయింగ్ 747-400 ఒకటి లండన్ నుంచి సిడ్నీకి 20 గంటల 9 నిమిషాల్లో ఎక్కడా ఆగకుండా వచ్చింది. మామూలుకంటే చిక్కని ఇంధనం ప్రత్యేకంగా తయారుచేయించి పోశారు. టిక్కెట్టు కొన్న ప్రయాణికుడు ఒక్కడూ లేడు. గెలుపే, కానీ వ్యాపారం కాదు. 30 ఏళ్ల తర్వాత, 2019 నవంబరులో, అదే దూరాన్ని బోయింగ్ 787 విమానం 19 గంటల 19 నిమిషాల్లో దాటింది. అందులోనూ ఉన్నది కొద్దిమందే.

మనుషుల్ని నింపుకుని వెళ్లే ఉపాయం అప్పటికే సగందాకా దొరికింది. 2018 మార్చి నుంచి పెర్త్-లండన్ సర్వీసు 14,498 కిలోమీటర్లను సుమారు 17 గంటల్లో దాటుతోంది. సిడ్నీ నుంచి కూడా లండన్‌కు దిగకుండా వెళ్లడం కోసం 2022లో క్వాంటాస్ 12 ఎయిర్‌బస్ ఏ350-1000 విమానాలకు ఆర్డరిచ్చింది. వెనకవైపు 20,000 లీటర్ల అదనపు ట్యాంకు పెట్టిస్తున్నారు. ఇదే రకం విమానంలో ఇతర సంస్థలు 300కు పైగా సీట్లు వేస్తుంటే, వీళ్లు 238తో సరిపెట్టుకున్నారు. క్యాబిన్ మధ్యలో కొంత జాగాను కూడా వదిలేశారు, జనం లేచి కాళ్లు సాగదీసుకోవడానికి.