మేపుల్ చెట్టు నుంచి రసం కారడం

చలికాలం చివర, వసంతం మొదట్లో మేపుల్ చెట్టుకు ఎక్కడ గాయమైనా అక్కడి నుంచి రసం కారుతుంది. ఉత్తర అమెరికా పెరళ్లలో పెరిగే షుగర్ మేపుల్, రెడ్ మేపుల్, సిల్వర్ మేపుల్, నార్వే మేపుల్ అన్నింటిదీ ఇదే స్వభావం. న్యూజెర్సీ, మిషిగన్, టొరంటో ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువారి ఇళ్ల ముందూ ఈ చెట్లు మామూలే. నీళ్లలా తేటగా కారే ఈ రసం వల్ల చెట్టు చావదు.

రాత్రి చలి 0 డిగ్రీల సెల్సియస్ దిగువకు పోయి, పగలు ఎండ కాసే రోజుల్లో ధార ఎక్కువ. రాత్రి కలపలోని వాయువులు కుంచించుకుపోయి వేళ్ల నుంచి నీటిని పైకి లాగుతాయి. పగలు అవి మళ్లీ వ్యాకోచించి రసాన్ని బయటికి నెడతాయి. మేపుల్ సిరప్ తయారీకి ఆధారం ఇదే. షుగర్ మేపుల్ రసంలో చక్కెర సుమారు 2 శాతం. లీటరు సిరప్‌కు దాదాపు 40 లీటర్ల రసం మరిగించాలి. ఆకులు విచ్చుకునేసరికి ధార దానంతటదే ఆగిపోతుంది.

ఇలా కాక జబ్బు వల్ల కారే ద్రవాన్ని పోల్చుకోవాలంటే రంగు, వాసన, కాలం మూడూ చూడాలి. వేసవిలోనూ ఆగకుండా, కల్లు పులిసినట్టు వాసన వేస్తూ, బెరడు మీద నల్లటి చారలు కట్టే నురగ ద్రవం బాక్టీరియా వల్ల కాండం లోపలి కలప పులియడానికి గుర్తు. మొదలు దగ్గర ఎర్రటి గోధుమ రంగు ద్రవం ఊరితే ఫైటోఫ్తోరా తెగులును అనుమానించాలి. అక్కడ పైబెరడును కత్తితో పలచగా చెక్కితే, లేత రంగులో ఉండాల్సిన లోపలి పొర ఎర్రగా మాడి కనిపిస్తుంది. వరసగా చిన్న చిన్న కంతలుంటే అది రసం తాగే వడ్రంగిపిట్ట పని.

తేట రసానికి వైద్యం అక్కర్లేదు. కోసిన చోట రంగు, తారు పూయడం అనవసరం. వాటితో ధార ఆగదు, గాయమూ త్వరగా మానదు. కారడం చూడలేమనుకుంటే ఆకులు పూర్తిగా ముదిరాక, నడివేసవిలో కొమ్మలు కత్తిరించుకోవాలి. పులిసిన ద్రవానికి మందు లేదు. పూర్వం కాండానికి బెజ్జం వేసి గొట్టం దిగ్గొట్టేవారు. దానివల్ల కుళ్లు లోపలికి పాకుతుందని తేలాక ఆ పద్ధతిని మానేశారు. నీటి ఎద్దడి లేకుండా చూడటం, వేళ్లు తొక్కిడికి గురికాకుండా కాపాడటమే మేలు. ఫైటోఫ్తోరాకు మొదట మొదలు దగ్గర నీరు నిలవకుండా చేసి, కాండాన్ని ఆనుకుని నేలపై పరిచిన మల్చ్‌ను వెనక్కి లాగాలి. ఆ తర్వాతే ఫాస్ఫొనేట్ మందులు. అవి తొలిదశలోనే పనిచేస్తాయి.

రసంతో పాటు రంపపు పొట్టు రాలుతూ, సుమారు సెంటీమీటరు వెడల్పున గుండ్రటి కంతలు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు. 1996లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో బయటపడిన ఆసియా పొడవు మీసాల పురుగు అలాంటి కంతలే చేస్తుంది, మేపుల్ దానికి ఇష్టమైన చెట్టు. ఆ చెట్టు కట్టెలను మరో చోటికి తరలించకుండా వెంటనే వ్యవసాయ శాఖకు తెలియజేయండి.