మాస్టారి తెల్ల అంబాసిడర్

ఆ కారును చివరికి పాత ఇనుము కింద తూకానికి ఇచ్చేశారు. కొవ్వూరులో మా వీధివారందరికీ తెలిసిన ముగింపే అది. అయినా తలచుకున్నప్పుడల్లా గొంతు పూడుకుపోతుంది. అంత త్వరగా పోవలసిన బండి కాదది.

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివరి నుంచి తయారుచేసిన అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ ఉండదు. ఒళ్లే ఎముక. తలుపుల కింద పొడుగునా సాగే బోలు రేకు దూలాలే బరువంతా మోస్తాయి. పాపం, కంటికి కనిపించని చోటే దాని ప్రాణముండేది.

1986 ఆగస్టులో గోదావరి ఎన్నడూ లేనంతగా పొంగింది. లంకల నుంచి తడిసి వచ్చిన తల్లులనూ పిల్లలనూ మాస్టారు ఆ కారులోనే, చక్రాలు మునిగే నీళ్లలోంచి, మెరక మీదికి చేర్చారు. వరద తీశాక కారు కడిగారు, తుడిచారు, పసుపు కుంకుమలు పెట్టారు. దూలాల్లో చేరిన ఒండ్రు మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆనాడే ఇనుప తీగతో అడుగు రంధ్రాలు పొడిచి, గొట్టంతో నీళ్లు కొట్టి, ఎండలో ఆరనిచ్చి, లోపలికి నూనె పట్టించి ఉంటే! ఒక్క పూట పని. ఎవరికీ తట్టలేదు.

కొన్నేళ్లకు వెనక తలుపు కింద రంగు పొక్కింది, రూపాయి బిళ్లంత. టింకరింగ్ చేసే అతను వచ్చి చిన్న సుత్తితో తట్టాడు. ఒకచోట ఖంగుమంది, జానెడు అవతల మొద్దుగా మోగింది.

"పైకి ఇంతేనండి మాస్టారూ, లోపల తినేసిందండి. కోసేసి కొత్త రేకు వెల్డింగ్ పెట్టాలండి."

"అమ్మాయి పెళ్లి కానీవోయ్, చూద్దాం."

పెళ్లి అయింది. వెల్డింగ్ కాలేదు. ఆయనే వాకిట్లో పీట వేసుకుని, ఉప్పుకాగితంతో గంటల తరబడి రుద్ది, పుట్టీ మెత్తి, రెడ్ ఆక్సైడ్ పూసి, పైన తెల్ల రంగు వేశారు. ఎంత ప్రేమగా రుద్దారో! కానీ తెల్లటి ఇనుము తేలేదాకా గీకనిదే తుప్పు చావదు. పుట్టీ తేమను పీల్చుకుంది, పైనున్న రంగు ఆ తేమను పోనివ్వలేదు. ఆ దసరాకు కారు కొత్తదానిలా మెరిసింది. ఆ మెరుపు చూసి అందరం సంతోషించాం, అదే ఇప్పుడు మనసును కోస్తుంది.

గోదావరి మీద 1900లో తెరిచిన హేవ్‌లాక్ రైలు వంతెన మీద 1997లో రైళ్లు ఆగిపోయాయి. ఆ రోజుల్లోనే ఒకనాడు టైరు మార్చడానికి జాకీ పెట్టారు. బండి లేవలేదు. జాకీయే కరకరమంటూ రేకులోకి దిగిపోయింది. గోధుమరంగు పొడి, దాని వెంట ఎండిన ఒండ్రు, నేల మీద రాలాయి. వరద నాటి ఒండ్రు. మాస్టారు దాన్ని వేళ్లతో నలిపి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయారు.

అప్పటికీ దారి ఉంది. రెండు వైపులా దూలాలు కోసి కొత్తవి వేస్తే నిలిచేదే. కానీ పిల్లలు దూరాన ఉన్నారు, ఆయన చూపు మందగించింది. బండి షెడ్డులోనే కుంగింది. 2014 మేలో ఉత్తరపారాలో తయారీ ఆగిపోయింది. ఆ తర్వాతే తూకం వాడు వచ్చాడు.

మీ ఇంట అలాంటి పాత బండి ఇంకా ఉంటే, వానలు పడకముందే కాళ్ల కింది మ్యాట్ ఎత్తి, సుత్తితో మెల్లగా తట్టి వినండి. మొద్దుగా మోగితే పుట్టీ డబ్బా జోలికి పోకండి. వెల్డింగ్ అతన్ని పిలవండి.