బర్నవుట్‌కూ కుంగుబాటుకూ మధ్య గీత

బర్నవుట్ అనే మాట రాకముందు వందేళ్ల పాటు ఆ చోటు న్యూరస్తీనియాది. న్యూయార్క్ నరాల వైద్యుడు జార్జ్ మిల్లర్ బియర్డ్ 1869లో ఆ పేరును ప్రచారంలోకి తెచ్చాడు. అర్థం నరాల బలహీనత. నరాల్లో శక్తి నిల్వ ఉంటుందనీ, రాబడిని మించి ఖర్చుపెడితే మనిషి దివాలా తీస్తాడనీ అతని లెక్క. ఆవిరి యంత్రం, టెలిగ్రాఫ్, పత్రికలు, విజ్ఞానశాస్త్రాలు, స్త్రీల మేధోశ్రమ ఇందుకు కారణాలని 1881 నాటి పుస్తకంలో రాశాడు. చివరిది మాత్రం ఆ కాలపు మగవారి భయమే అనాలి.

తలనొప్పి, నిద్రలేమి, అజీర్ణం, దిగులు అన్నీ ఆ ఒక్క సంచిలోనే పడ్డాయి. కుంగుబాటు, ఆందోళన విడివిడి రుగ్మతలుగా నిలదొక్కుకునే కొద్దీ సంచి ఖాళీ అయింది. 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన వర్గీకరణ నుంచి ఆ పేరును తీసేసింది. చైనాలో మాత్రం అది అప్పటికి వాడుకలోనే ఉంది. మనోవైద్యుడు ఆర్థర్ క్లీన్‌మన్ అదే ఏడాది హునాన్‌లో న్యూరస్తీనియా రోగులు 100 మందిని పరీక్షిస్తే, వారిలో 87 మందికి తీవ్ర కుంగుబాటు లక్షణాలు సరిపోయాయి. అలాగని రోగులు అబద్ధమాడినట్టు కాదు. మనసు జబ్బంటే పడే మచ్చ నరాల జబ్బంటే పడదు. తెలుగునాట ‘నరాల వీక్‌నెస్’ అనే మాట చాలాసార్లు చేసే పనీ అదే.

బర్నవుట్ పుట్టింది న్యూయార్క్‌లోని ఒక ఉచిత వైద్యశాలలో. నాజీ జర్మనీ నుంచి చిన్ననాడే తప్పించుకొచ్చిన మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ పగలంతా సొంత ప్రాక్టీసు చూసుకుని, రాత్రిళ్లు అక్కడ పనిచేసేవాడు. ఉత్సాహంగా చేరిన స్వచ్ఛంద సేవకులు కొన్ని నెలలకే చిరాకుతో, నిస్సత్తువతో, ఎవరినీ నమ్మలేని స్థితికి రావడం చూశాడు. తానూ అందుకు మినహాయింపు కాలేదు. 1974లో దాని గురించి వ్యాసం రాస్తూ, మత్తుమందులతో చితికిపోయిన వారికి వీధుల్లో వాడే మాటనే పేరుగా తీసుకున్నాడు. ఇలాంటివారు చూడటానికి కుంగుబాటులో ఉన్నట్టే ఉంటారని కూడా అందులో రాశాడు. అంటే రెంటికీ మధ్య గీత మొదటి రోజు నుంచే మసకగా ఉంది.

బర్క్‌లీలో మనస్తత్వవేత్త క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్‌తో కలిసి 1981లో 22 ప్రశ్నల కొలమానం తయారుచేసింది. అది చూసేవి మూడు: మనసు ఇంకిపోయిన అలసట, రోగినో విద్యార్థినో మనిషిగా కాక వస్తువుగా చూసే ముభావం, చేసిన పనికి ఫలితం లేదన్న భావన. ఇది పరిశోధకుల సాధనం. ఎన్ని మార్కులు దాటితే బర్నవుట్ అన్నదానికి వైద్యులందరూ ఒప్పుకున్న హద్దు లేదు. కుంగుబాటుకు ఉంది. దిగులో, దేనిమీదా ఆసక్తి లేకపోవడమో కనీసం రెండు వారాలు, దాదాపు ప్రతిరోజూ ఉండాలి. తోడుగా నిద్ర, ఆకలి మారిపోవడం, అపరాధభావం, చావు ఆలోచనలు వంటివాటిలో కొన్ని ఉండాలి. ఆఫీసు ఊసు ఈ జాబితాలో ఎక్కడా లేదు.

దీన్నిబట్టి ఒక ఉజ్జాయింపు కొలత వాడుకలోకి వచ్చింది. సెలవు పెడితే తేలికపడితే బర్నవుట్; పండగపూట ఇంట్లో కూర్చున్నా దిగులు వదలకపోతే కుంగుబాటు. ఉజ్జాయింపే కాబట్టి తరచూ తప్పుతుంది. ముదిరిన అలసట వారం సెలవుకు లొంగదు. రక్తహీనత, థైరాయిడ్ లోపం కూడా ఇదే వేషంలో వస్తాయి. అందుకే రక్తపరీక్షలు ముందు. రెనాటో బియాంకి బృందం 5,575 మంది ఫ్రెంచ్ ఉపాధ్యాయులపై జరిపిన సర్వే 2014లో అచ్చయ్యాక గీత మరింత చెరిగింది. బర్నవుట్ అయినవారిలో 90 శాతం మందికి కుంగుబాటు ప్రమాణాలూ సరిపోయాయి. మాస్లాక్ పక్షంవారు మాత్రం వేరుగానే చూడాలంటారు: కుంగుబాటు అనేస్తే మందు ఉద్యోగికి పడుతుంది, పని పరిస్థితులు అలాగే ఉండిపోతాయి.

దేశాలూ ఒక మాట మీద లేవు. స్వీడన్ 2005లోనే ‘అలసట రుగ్మత’ను నిర్ధారణగా గుర్తించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన 11వ వర్గీకరణలో బర్నవుట్‌కు చోటిస్తే, పత్రికలు దాన్ని కొత్త జబ్బుగా రాశాయి. ఇది జబ్బు కాదు, వృత్తి సంబంధమైన స్థితి అని సంస్థ కొద్దిరోజులకే వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. సర్దుబాటు రుగ్మత, ఆందోళన, మనఃస్థితి రుగ్మతలు దీనికిందికి రావు. పనిచోటు దాటి వాడకూడదన్న షరతూ ఉంది. మంచాన పడ్డ అత్తగారికి ఏళ్లతరబడి చేసి చేసి సోలిపోయిన కోడలికి, 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఆ నిర్వచనం వర్తించదు.