సుందర్‌లాల్ నివేదిక: పుట్టుపూర్వోత్తరములు

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలోని వడ్డేపల్లి ప్రాంతము 1948లో నిజాము రాజ్యపు రాయచూరు జిల్లాలో చేరియుండెను. తుంగభద్ర దాటినచో కర్నూలు సీమ, అనగా భారత యూనియను. ఈవల నిజాము పాలనము, దాని యండతో ఖాసిం రజ్వీ నాయకత్వమున గ్రామములపై బడిన రజాకార్ల దౌర్జన్యము. ఆ సంవత్సరము సెప్టెంబరు 13న యూనియను సైన్యములు సరిహద్దు దాటగా, 17న నిజాము లొంగిపోయెను. మేజర్ జనరల్ చౌధురి సైనిక గవర్నరయ్యెను.

యుద్ధము అయిదు దినములలో ముగిసినను ప్రతీకారము ముగియలేదు. రజాకార్ల పాపమునకు వారితో నెట్టి సంబంధమును లేని ముస్లిములు పలుచోట్ల బలియైరను వార్తలు ఢిల్లీకి చేరగా, నెహ్రూ ప్రభుత్వము పండిత సుందర్‌లాలును, కాజీ అబ్దుల్ గఫారును, మౌలానా అబ్దుల్లా మిస్రీని పంపెను. నవంబరు 29 నుండి డిసెంబరు 21 వరకు వారు పదునారు జిల్లాలలో తొమ్మిదింటిని దర్శించి, సాక్ష్యములను సేకరించిరి.

తక్కువలో తక్కువగా 27,000 నుండి 40,000 మంది మరణించిరని వారు అంచనా వేసిరి. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడులు మిక్కిలి నష్టపడిన జిల్లాలు; తెలుగుసీమలో నల్లగొండ, మెదకులును తీవ్రముగా దెబ్బతినెను. కొన్నిచోట్ల సైనికులే హత్యలలో పాల్గొనిరని వ్రాసిన ఆ చేతులే, పెక్కుచోట్ల సేనాధికారులు క్రమశిక్షణ పాటించిరనియు, హిందూ నేతగాండ్రు తోడి ముస్లిము నేతగాండ్రను ప్రాణములకు తెగించి కాపాడిరనియు వ్రాసెను. మగ్గమే జీవనాధారమైన గద్వాల సీమవారికి ఈ కడపటి వాక్యము విశేషార్థవంతము.

సర్దార్ పటేలు నివేదికను తీవ్రముగా ఆక్షేపించెను. ప్రభుత్వము దానిని ప్రకటింపలేదు. 1988లో ఒమర్ ఖాలిదీ కొన్ని భాగములను, 2013లో ఏ.జి. నూరానీ సమగ్రపాఠమును గ్రంథస్థము చేసిన పిమ్మటగాని పాఠకలోకమునకది లభింపలేదు.

ఈలోగా పునర్నిర్మాణము సాగకపోలేదు: 1949లో జాగీర్లు రద్దయ్యెను, 1950లో కౌలుదార్ల చట్టము వచ్చెను, 1956లో గద్వాల, అలంపురము తాలూకాలు మహబూబ్‌నగరు జిల్లాలో కలిసెను. ఇవి భూమికిని సరిహద్దులకును సంబంధించిన పరిష్కారములు. చంపబడినవారి విషయమున ప్రభుత్వము చెప్పవలసిన సమాధానము వేరు. నిజాము నిరంకుశత్వము తొలగుట న్యాయమేయని నమ్మువారికే ఈ సమాధానమును కోరు హక్కు ఎక్కువగా కలదు, ఏలననగా ఆ సైన్యము నడిచినది వారి పేరిట.