కొండమీది పొగ: నిరూపణకు ఒక చరిత్ర

ఉదయగిరి దుర్గమనగానే 1514లో శ్రీకృష్ణదేవరాయలు దానిని గజపతులనుండి గైకొనిన కథ మనకు జ్ఞప్తికి వచ్చును. అంతకుముందే, 15వ శతాబ్దిలో, నంది మల్లయ, ఘంట సింగయ కవులు ప్రబోధచంద్రోదయమును ఉదయగిరి మంత్రియగు గంగయకు అంకితమిచ్చిరి. వివేకము మహామోహమును జయించుట అందలి కథ. కత్తి గెలిచిన కథను పిల్లలకు చెప్పుచున్నాము. వివేకము గెలిచిన కథను మరచితిమి. అయినను వివేకమే గెలిచెనని తీర్పు చెప్పవలసినవారెవరు?

మన తార్కికులు ఈ ప్రశ్నను ఉపేక్షింపలేదు. ఆంధ్రుడగు అన్నంభట్టు 17వ శతాబ్దిలో రచించిన తర్కసంగ్రహము నేటికిని న్యాయశాస్త్రమునకు తొలిమెట్టు. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అని అనుమానవాక్యమునకు అవయవములైదు. కొండపై నిప్పు కలదు. ఏలయన పొగ కలదు. పొగ యున్నచోట నిప్పుండును, వంటయింటవలె. ఇందొక మెట్టు తప్పినచో పట్టుకొనువాడు గురువు. గురుకులపు గడప దాటనీయబడని స్త్రీలకును, అనేక కులములవారికిని ఆ దిక్కును లేకపోయెను.

ఇక పాశ్చాత్యుల మార్గము చూతము. 1930ల దశాబ్దిలో అలోంజో చర్చి అను అమెరికా తార్కికుడు, ప్రమేయములతోనే సమస్తమును చెప్పదగిన లాంబ్డా కలనమను చిన్న భాషను కల్పించెను. ఒకటి యిచ్చిన వేరొకటి యిచ్చునది ప్రమేయము. 1958లో జాన్ మెకార్తీ ఆరంభించిన లిస్పు భాష ఆ సంకేతమును గ్రహించెను. 1934లో హాస్కెల్ కరీ కనుగొనిన పోలికను 1969లో విలియం హోవార్డు విస్తరించి, వాక్యమునకు నిరూపణయు, ప్రమేయమును ఒకే వస్తువని చూపెను. "పొగ యున్నచో నిప్పుండును" అనుదానికి నిరూపణ యనగా, పొగకు సాక్ష్యము నిచ్చినచో నిప్పునకు సాక్ష్యమును నిర్మించి యిచ్చు ప్రమేయమే!

ఈ దారిని నిరూపణలను పరీక్షించు యంత్రభాషలు పుట్టెను. 1967లో డచ్చి గణితజ్ఞుడు డి బ్రౌన్ ఆటోమాత్‌ను ఆరంభించెను. 1989లో వెలువడి నేడు రాక్ అనబడు సాధనముచే 2005లో జార్జ్ గోంతియే, ఎట్టి దేశపటమునకైనను నాలుగు రంగులు చాలునను సిద్ధాంతమును ఆమూలాగ్రముగ పరీక్షింపజేసెను. 2013లో లీన్ మొదలాయెను.

ఈ విద్యను వల్లెవేసి నేర్వరాదు, కట్టి నేర్వవలెను. పేరు, ప్రమేయము, ప్రయోగము అను మూడు రూపములతో విద్యార్థి తానే యొక చిన్నభాషను కట్టవచ్చును. పొగనడుగు ప్రమేయమునకు మంచును అందించినచో త్రోసిపుచ్చు పరీక్షకుని దానికి చేర్చవలెను. అప్పుడు తర్కసంగ్రహమును కంఠస్థము చేసినవానికన్న వ్యాప్తి యననేమో వానికి బాగుగ తెలియును.

ఒక హెచ్చరిక. మంచునే పొగయని మనము పేరుపెట్టి యిచ్చినచో యంత్రము కాదనజాలదు. అది మెట్లను చూచునుగాని కొండను చూడదు. కన్ను తెరచి చూచు బాధ్యత మనదే.

లీన్, రాక్ సాధనములు వెల లేకయే లభించును. ఆత్మకూరు బాలికయైనను, ఉదయగిరి కూలివాని కుమారుడైనను వ్రాసిన నిరూపణను అవి యొక్క తీరుననే పరీక్షించును. కులమడుగవు, కాశికి పొమ్మనవు. "పెద్దలు చెప్పిరి" అనుటకు బదులు "చూపుము" అనుట మన యిండ్లలో అలవడునేని, గంగయమంత్రికి అంకితమైన ఆ విజయకథ యిప్పటికి సార్థకమగునని మా నమ్మకము.