రామప్ప గుడి పక్కనే చెరువు ఎందుకు కట్టారు?

రామప్పకి వెళ్లి మనం ఏం చేస్తాం? నీళ్లలో తేలే ఇటుకల కథ విని, నాలుగు ఫొటోలు దిగి, గంటలో తిరిగి బండెక్కేస్తాం. మొదటిసారి నేనూ అంతే.

కానీ 1213లో ఈ గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు, అంటే గణపతిదేవుడి సేనాని, గుడితో ఆగలేదు. దగ్గర్లోనే పెద్ద చెరువు కట్టించాడు. ఎందుకంటే చెరువు కింద పొలం పండితేనే ఊరు నిలుస్తుంది, ఊరు నిలిస్తేనే గుడిలో దీపం వెలుగుతుంది. ఆ చెరువు కింద ఇప్పటికీ వరి పండుతోంది.

2021లో యునెస్కో గుర్తింపు మాత్రం గుడికే వచ్చింది. అదే ములుగు జిల్లాలో లక్నవరం, బొగత జలపాతం, ఏటూరునాగారం అడవి, మేడారం ఉన్నాయి. గుడిని పురావస్తు శాఖ, అడవిని అటవీ శాఖ, చెరువుని నీటిపారుదల శాఖ చూస్తాయి. ఎవరి బోర్డు వాళ్లదే!

వీటన్నిటికీ కలిపి ఒకే టికెట్, ఒకే బస్సు, పల్లెల్లోనే బస, దారి చూపడానికి అక్కడి కోయ యువత ఉంటే? గంటలో వెళ్లిపోయేవాళ్లు రెండ్రోజులు ఉంటారు. డబ్బు ఊళ్లో మిగులుతుంది. అడవి నిలిస్తేనే సంపాదన అని ఊరికి తెలిస్తే, దాన్ని ఊరే కాపాడుకుంటుంది.

రుద్రుడు 800 ఏళ్ల కింద వేసిన లెక్క ఇదే కదా! ఈసారి వెళ్తే, ఒక రాత్రి అక్కడే ఉండండి.