మానవశాస్త్ర పట్టము: అడవి అంచున దాని వెల

కుమారుడో కుమార్తెయో "మానవశాస్త్రము చదివెదను" అన్నచో ఇంటి పెద్దలు మొట్టమొదట అడుగు ప్రశ్న యొక్కటే: ఆ చదువు కూడు పెట్టునా? ఈ ప్రశ్నను చులకన చేయుట మాకు ఇష్టము లేదు. రేపటి జీతమును నమ్మి నేడు అప్పు చేసి రుసుము కట్టు గృహస్థునకు అట్లు అడుగు హక్కు కలదు. అయితే దీనికి సమాధానము కళాశాలల ప్రకటనలలో దొరకదు. ఈ చదువునకు ఎవరు, ఎప్పుడు, ఎందుకొరకు వెల కట్టిరో చూడవలెను. అందులకు ఖమ్మము నుండి భద్రాచలము వరకు గల అడవి సీమ మనకు చక్కని పాఠము.

ఈ సీమ ఒక్క పాలనలో పెరిగినది కాదు. గోదావరికి కుడిగట్టున పాల్వంచ, బూర్గంపహాడు ప్రాంతములు నిజాము రాజ్యములోనివి. ఎడమగట్టున భద్రాచలము, రేకపల్లి తాలూకాలు 1874లో మధ్యపరగణాల నుండి గోదావరి జిల్లాకు మారి మద్రాసు ప్రభుత్వము క్రిందికి వచ్చినవి. 1953లో ఖమ్మము జిల్లా ఏర్పడెను. 1959లో భద్రాచలము అందులో చేరెను. 2016 నుండి అది భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నున్నది. పాలకులు మారుచుండిరి గాని కోయలు, కొండరెడ్లు రెండు గట్టులందును తమ బ్రతుకు తాము బ్రతుకుచుండిరి.

అడవి బ్రతుకు తెలియక పాలించుటకు ఎంత ఖర్చగునో మద్రాసు ప్రభుత్వమునకు త్వరలోనే తెలిసినది. మధ్యపరగణాల కాలమున పోడుపై తేలికగా నుండిన పన్ను క్రొత్త పాలనలో హెచ్చెను. 1879లో రంపలో పితూరీ లేచినపుడు అది రేకపల్లి వరకు ప్రాకుటకు ఈ హెచ్చు పన్ను ఒక కారణము. పోడు అనగా ఏమి, దానిని నమ్ముకొన్నవాని కడుపు ఎట్లు నిండును అని ముందుగా విచారించియున్నచో, పోలీసు దండునకైన వ్యయములో కొంతయైనను మిగిలియుండెడిది.

ఆ దినములలో ఈ సంగతులు వ్రాసిపెట్టినవారికి మానవశాస్త్ర పట్టములు లేవు. దుమ్ముగూడెమున నివసించిన మిషనరీ జాన్ కెయిన్ భద్రాచల ప్రాంతపు కోయల ఆచారములను గూర్చి 1870వ దశకమునుండియే పత్రికలకు వ్రాసెను. ఆయనను పోషించినది మిషను. దక్షిణ భారత కులములు, తెగలను గూర్చి 1909లో ఏడు సంపుటములు వెలువరించిన ఎడ్గార్ థర్స్టన్ చదివినది వైద్యము, చేసినది మద్రాసు మ్యూజియము అధికారిగా ఉద్యోగము. కోయలను గూర్చి ఆయన గ్రంథమున నున్న దానిలో చాల భాగము కెయిన్ వ్రాతలనుండి గైకొన్నదే. రాంచీలో ముండాలను గూర్చి వ్రాసిన శరత్ చంద్ర రాయ్ వృత్తిచేత వకీలు. కలకత్తా విశ్వవిద్యాలయములో ఈ శాస్త్రమునకు ఉన్నత తరగతులు 1920లో మొదలైనవి. అనగా, మొదట పని యుండెను. పట్టము తరువాత వచ్చెను.

పట్టము పుచ్చుకొని మన అడవులకు వచ్చినవారిలో ప్రసిద్ధుడు క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆయన 1909లో వియన్నాలో జన్మించి, 1931లో అచ్చటనే డాక్టరు పట్టమందెను. రెండవ ప్రపంచ యుద్ధము వచ్చునప్పటికి ఆస్ట్రియా జర్మనీలో కలిసిపోయియుండుటచే, ఆయన బ్రిటిషువారి దృష్టిలో శత్రుదేశీయుడయ్యెను. హైదరాబాదు రాజ్యములో నుండుటకు అనుమతి లభించగా, భార్య బెట్టీతో గూడ చెంచుల నడుమను, పిమ్మట గోదావరి కొండలలో కొండరెడ్ల నడుమను నివసించి వారి బ్రతుకును వ్రాసెను.

కొండరెడ్లను గూర్చిన ఆయన గ్రంథము 1945లో వెలువడెను. అడవి నరికి, కాల్చి, బూడిదలో జొన్న విత్తి, కొన్నియేండ్లకు ఆ చోటు విడిచి మరియొక చోటికి పోవు సేద్యము పోడు. అడవి ప్రభుత్వపు రిజర్వు అయిన కొలది అట్టి సేద్యమునకు చోటు తగ్గెను. నదీతీరపు రెడ్లు వెదురు నరుకు కూలికి దిగిరి. వర్తకుడు ముందుగా బియ్యమో రొక్కమో బదులిచ్చును; లెక్క ఆయన పుస్తకములో నుండును; చదువురాని కూలివానికి ఆ బాకీ ఎన్నటికిని తీరదు. ఈ బాకీ ఏ రీతిగా పెరుగునో గుడిసె గుడిసెకు పోయి తెలిసికొనుట ఈ శాస్త్రము నేర్పు విద్య.

ఆ విద్యకు హైదరాబాదు ప్రభుత్వము పదవినిచ్చుటకు వెనుక ఆదిలాబాదు సంఘటన యొకటి కలదు. 1940లో జోడేఘాటు వద్ద కుమ్రం భీము, ఆయన అనుచరులు కొందరు పోలీసు తుపాకులకు బలియైరి. గోండులు ఎందుకు తిరుగబడిరో తెలిసికొనవలసిన అక్కర అప్పుడు ప్రభుత్వమునకు కలిగెను. హైమన్‌డార్ఫ్ నివేదికలకు విలువ హెచ్చెను. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలయ్యెను. 1945లో ఆయన ప్రభుత్వమునకు గిరిజన వ్యవహారముల సలహాదారు ఆయెను, ఉస్మానియాలో బోధించెను. రేకపల్లిలో జరిగినదే ఇచ్చటను జరిగినది: తుపాకి మ్రోగినపిమ్మట గాని ప్రభుత్వము తెలిసినవానిని పిలువలేదు.

స్వతంత్ర భారతమున పిలుపు కొంత క్రమబద్ధమైనది. భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ 1945లోనే ఏర్పడెను. 1961 జనగణనతో పాటు ఎన్నుకొన్న గ్రామములను గూర్చి ప్రత్యేక గ్రంథములు వెలువడెను. 1963లో హైదరాబాదున గిరిజన సాంస్కృతిక పరిశోధన శిక్షణ సంస్థ నెలకొనెను. తరువాత భద్రాచలమున సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ వచ్చెను. అయినను ఈ శాస్త్రము చదివినవారికే ప్రత్యేకించిన కొలువులు ఎన్నడును కొద్దియే. వైద్యునకువలె, న్యాయవాదికివలె పట్టము చూపి బోర్డు కట్టుకొను వీలు ఇందులో లేదు.

ఇక నేటి పట్టభద్రుని సంగతి. కేవలము బి.ఏ., బి.యస్సీ. పట్టముతో ఈ పేరిట కొలువు దొరకుట అరుదు. ఎం.ఏ. తరువాత జాతీయ అర్హత పరీక్షలో పరిశోధక వేతనమునకు ఎన్నికైనచో 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలు, దానికి తోడు ఇంటి అద్దె భత్యము. కాని ఆ ఎన్నిక సులభము కాదు. సివిల్ సర్వీసు పరీక్షలలో దీనిని ఐచ్ఛిక విషయముగా ఎన్నుకొనువారు ఎందరో కలరు. అచ్చట దొరకు జీతము పరీక్షది, పట్టముది కాదు. స్వచ్ఛంద సంస్థలలో పని కలదు గాని స్థిరత్వము తక్కువ. గణాంకములో, న్యాయశాస్త్రములో, ప్రజారోగ్యములో మరియొక నేర్పు తోడైనవానికే ఈ చదువు ఎక్కువగా అక్కరకు వచ్చును. కోయ భాష వచ్చియుండుట గూడ అట్టి నేర్పే.

మరి దేశమునకు ఈ విద్యతో పని లేదా? 2006 నాటి అటవీ హక్కుల చట్టము ప్రకారము పోడు భూమికి హక్కు కోరువాడు తన సాగుకు సాక్ష్యము చూపవలెను. 2013 నాటి భూసేకరణ చట్టము సామాజిక ప్రభావ అంచనా కోరుచున్నది. పోలవరము ముంపు కొరకు 2014లో భద్రాచల సీమలోని మండలములు ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. ముంపు పరిధిలోని ఊళ్లలో కోయలవి, కొండరెడ్లవి అనేకములు. ఇండ్లను లెక్కించుటకు గుమాస్తా చాలును. కాని కొండమీది పోడు, వెదురు పొద, చింతచెట్టు, తేనెపట్టు, ఊరి దేవత నిలిచిన తోపు, వీనిని పరిహారపు పట్టికలో ఏ గడిలో వ్రాయవలెను? వ్రాయు నేర్పరి లేనిచో అవి లెక్కకే రావు. ఆ నష్టము భరించువాడు జీతగాడు కాదు. ఊరు విడిచి పోవు కొండరెడ్డి.

కెయిన్ నాటినుండియు ఈ శాస్త్రమునకు విషయమును సమకూర్చినది కోయ, కొండరెడ్డి పెద్దలే. పేరును, పదవియు వ్రాసినవారికి దక్కినవి. నేడు ఆ ఊళ్ల బిడ్డలే విశ్వవిద్యాలయములకు పోవుచున్నారు. తాతలు అడిగినవారికెల్ల ఉచితముగా చెప్పినదానిని మనుమలు తామే వ్రాసి జీతమందు కాలము రావలెనన్నచో, అట్టివారికి గిరిజన సంస్థలలో కొలువులుండవలెను. కావున గృహస్థులు పిల్లలకు ఈ చదువుతో పాటు మరియొక నేర్పు గూడ సమకూర్చుట మంచిది. ప్రభుత్వములు, పితూరీయో ముంపో వచ్చినపుడు గాక, ముందుగానే ఈ విద్యకు జీతము కట్టుట మంచిది. రెండవది జరుగనంతవరకు మొదటి జాగ్రత్త తప్పదు.